మిద్దె మీద నిప్పుల వంట: ఎండాకాలం సాయంత్రానికి శాకాహార గ్రిల్లింగ్

అనంతపురంలో మే నెల వచ్చిందంటే వంటింట్లో నిలబడటమే కష్టం. పగలంతా నలభై డిగ్రీలు దాటిన ఎండకు కాగిన ఇంట్లో, సాయంత్రం మళ్లీ గ్యాస్ పొయ్యి ముట్టించాలంటే ఎవరికీ చేతులు రావు. సెలవులకు అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు వచ్చి ఇల్లు నిండినప్పుడు మా ఇంట్లో వంట మిద్దె మీదికి ఎక్కుతుంది. పొద్దు వాలాక గాలి తిరుగుతుంది, అందరూ చుట్టూ కూర్చుంటారు, ఒక్కరి మీదే పని పడదు.

మొదటిసారి చేసినప్పుడు మాత్రం చాలా పాడుచేశాను. పనీర్ ముక్కల మీద నూనె ధారగా పోశాను. అది బొగ్గుల మీద కారి మంటలు లేచాయి, పొగకు చిన్నపిల్లలు దగ్గుతూ కిందికి దిగిపోయారు. వంకాయలు బయట బొగ్గయ్యాయి, లోపల గింజ పచ్చిగానే ఉంది. అప్పుడు మా పెద్దమ్మ పక్కన కూర్చుని చెప్పింది: "మంట ఆరనీ అబ్బీ. మంటలో పెడితే తోలు కాలుతుంది, కాయ ఉడకదు. నిప్పు మీద పెట్టు."

నాకు తెలిసిన గ్రిల్లింగ్ అంతా ఆ మాట నుంచే మొదలైంది. మా అమ్మకు సుగర్ ఉంది, నాన్నకు బీపీ ఉంది. వాళ్లిద్దరూ కూడా అందరితోపాటు కూర్చుని కడుపునిండా తినేలా ఉండాలని ఒక్కొక్కటీ మార్చుకుంటూ వచ్చాను. కింద చెప్పేదంతా పది మందికి సరిపోయే లెక్క.

శాకాహారమైతే ఇబ్బందే ఉండదా?

మాంసాన్ని పెద్ద వేడిలో కాల్చినప్పుడు అందులో ఉండే క్రియాటిన్, అమైనో ఆమ్లాలు కలిసి హెటెరోసైక్లిక్ అమైన్లు అనే హానికరమైన పదార్థాలు తయారవుతాయి. కూరగాయల్లో, పప్పుల్లో క్రియాటిన్ ఉండదు కాబట్టి ఆ బాధ మనకు దాదాపు లేనట్టే. అంతమాత్రాన ఎలా కాల్చినా ఫరవాలేదని కాదు. నూనె, వెన్న, నెయ్యి నిప్పుల మీద పడి కాలినప్పుడు లేచే నల్లటి పొగలో పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఉంటాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. ఆ పొగ పైకి లేచి పనీర్ కైనా, పుట్టగొడుగు కైనా అంటుకుంటుంది. ఇక ఉర్లగడ్డ (బంగాళాదుంప) లాంటి పిండి పదార్థాలను 120 డిగ్రీలు దాటిన వేడిలో నల్లగా మాడిస్తే ఆక్రిలమైడ్ అనే ఇంకో హానికరమైన పదార్థం తయారవుతుంది.

ఈ మూడింటికీ మందు ఒకటే. మంట లేకుండా చూసుకోవాలి, నూనె కారకుండా చూసుకోవాలి, మాడనివ్వకూడదు. మాడిన చోట మొహమాటం లేకుండా కోసి పారేయాలి.

ఆరోగ్యం సంగతి ఇంకొకటి ఉంది. శాకాహార గ్రిల్ అంటే చాలామంది చేసేది క్యాప్సికం, ఎర్రగడ్డ, పనీర్ గుచ్చి, మీద వెన్న పూసి, పక్కన మయోనైజ్ పెట్టడం. మయోనైజ్‌లో ఎక్కువ భాగం నూనే. ప్యాకెట్ మసాలాలో అప్పటికే ఉప్పు ఉంటుంది, దానిమీద మనం మళ్లీ వేస్తాం. రోజు మొత్తానికి ఒక మనిషికి 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచా. ఇలాంటి విందులో ఒక్క పూటలోనే దాన్ని సులభంగా దాటేయొచ్చు. అందుకే ఉప్పు తగ్గించి, పులుపూ కారమూ ముందుకు తెచ్చాను. నిమ్మకాయ, చింతపండు, పచ్చి మామిడి ఉన్న ఊళ్లో ఉప్పు తక్కువైందని ఎవరూ అనరు.

తెచ్చుకోవాల్సినవి

పెద్ద నల్ల వంకాయలు 4, టమోటాలు ఒక కిలో, ఎర్రగడ్డలు ఒక కిలో, బజ్జి మిరపకాయలు 10, క్యాప్సికం 4, పొట్టుతో ఉన్న మొక్కజొన్న కంకులు 6, పనీర్ 600 గ్రాములు, అలసందలు 300 గ్రాములు, చిన్న ఉర్లగడ్డలు అర కిలో. వీటితోపాటు చెనక్కాయ విత్తనాలు 100 గ్రాములు, పుల్లగా లేని గట్టి పెరుగు అర కిలో, నిమ్మకాయలు 8, తెల్లగడ్డలు రెండు, కొత్తిమీర, పుదీనా, ఒక పచ్చి మామిడికాయ. జొన్నరొట్టెలు ఒక పదిహేను. రొట్టెలు ఇంట్లో చేసే ఓపిక లేకపోతే చేసి అమ్మేవాళ్ల దగ్గర పొద్దున్నే చెప్పి పెట్టుకోండి.

కారే టమోటా వద్దు, గట్టిగా ఉన్న ఎర్రటివి ఎంచుకోండి. వంకాయ మాత్రం చేతిలోకి తీసుకుని బరువు చూడండి. చూడటానికి పెద్దదిగా ఉండి తేలికగా ఉన్నది మంచిది. బరువైన దాంట్లో గింజ ముదిరి ఉంటుంది.

మనిషికి 60 గ్రాముల పనీర్ పడుతుంది. దాంతో 11 గ్రాములదాకా ప్రొటీన్ వస్తుంది. ముప్పై గ్రాముల అలసందలతో ఇంకో 7 గ్రాములు. శాకాహార విందులో పొట్ట నిండుతుంది గానీ ప్రొటీన్ ఉండదనే మాట ఈ లెక్కతో పోతుంది. పనీర్‌లో కొవ్వు కూడా బాగానే ఉంటుంది కాబట్టి ఇంతకుమించి పెంచను. ఇంకా కావాలంటే అలసందలే పెంచుతాను. సగం పనీర్ తీసి టోఫూ వేసినా బాగుంటుంది, కాకపోతే దాన్ని ముందు బరువు కింద పెట్టి నీళ్లు పిండెయ్యాలి.

పొయ్యి, బొగ్గులు

గ్రిల్ కొనాల్సిన పని లేదు. కొత్త ఇనుప బాండ్లి, అంటే మేస్త్రీ పనిలో సిమెంటు మోసేది, ఒకటి చాలు. అడుగున రెండు అంగుళాల ఇసుక పోసి, నాలుగు ఇటుకల మీద నిలబెట్టండి. ఇటుకలు లేకుండా నేరుగా మిద్దె మీద పెడితే వేడికి కాంక్రీటు పెచ్చులు లేస్తుంది. పాత డ్రమ్ములు కోసి చేసినవి వాడకండి. అందులో అంతకుముందు ఏ రసాయనం ఉందో, ఏ రంగు పూశారో తెలియదు.

పైన పెట్టే జాలీ విషయంలో జాగ్రత్త. కిటికీలకు, కోళ్ల గూళ్లకు కొట్టే తెల్లటి జాలీకి జింక్ పూత ఉంటుంది. బాగా వేడెక్కితే దాని నుంచి విషపు ఆవిరి వస్తుంది. స్టీలుదో, పూత లేని ఇనుముదో తీసుకోండి. చువ్వలు కూడా అంతే. గుండ్రటి చువ్వ కన్నా చప్పటిది మేలు, తిప్పినప్పుడు ముక్క దానితోపాటు తిరుగుతుంది. వెదురు పుల్లలైతే అరగంట నీళ్లలో నానబెట్టాలి.

బొగ్గుల విషయంలో మన జిల్లాకు ఒక సౌకర్యం ఉంది. రోడ్ల పక్కన, చెరువు కట్టల మీద అల్లుకుపోయిన కంపచెట్టు, అదే సర్కారు తుమ్మ, కాల్చి చేసిన బొగ్గు ఇక్కడ సులభంగా దొరుకుతుంది. అమెరికాలో మెస్కీట్ అని పేరుపెట్టి గ్రిల్లింగ్‌కు ఇష్టంగా వాడే కట్టె కూడా ఈ జాతిదే. గట్టి బొగ్గు, వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. నాలుగు కిలోలు తెచ్చుకోండి. ముందు మూడు వెయ్యండి, ఒకటి పక్కన పెట్టుకోండి.

ముట్టించడానికి కిరసనాయిలు, పెట్రోలు వద్దే వద్దు. ప్రమాదం సంగతి అటుంచి, ఆ వాసన చివరిదాకా తిండిలో ఉంటుంది. ఎండిన కొబ్బరి పీచు, చెనక్కాయ పొట్టు అడుగున వేసి, నాలుగు కర్పూరం బిళ్లలు పెట్టి, పైన బొగ్గులు గోపురంలా పేర్చండి. ఒక అట్టముక్కతో విసరండి.

అయిదున్నరకు ముట్టిస్తే ఆరూ పదికి తయారవుతుంది. అంతసేపు ఏమీ పెట్టకూడదు, ఎంతమంది ఆకలి అన్నా సరే. మొదట మంట, తరువాత పొగ, ఆ తరువాత ఎర్రటి నిప్పు, చివరికి నిప్పు మీద సన్నగా తెల్లటి బూడిద. ఆ బూడిద కమ్మిందంటే మంట ఆరింది, నిప్పు మిగిలింది. ఇప్పుడు నిప్పుల్లో మూడింట రెండు వంతులు ఒక పక్కకు తోయండి, మిగిలింది పలచగా పరచండి. దీంతో ఎక్కువ వేడి చోటు ఒకటి, తక్కువ వేడి చోటు ఒకటి ఏర్పడతాయి. ఏదైనా తొందరగా కాలుతుంటే అటు నుంచి ఇటు జరిపితే సరిపోతుంది. జాలీకి, నిప్పుకు మధ్య జానెడుకు కాస్త తక్కువ ఎడం ఉండాలి.

వేడి ఎంతుందో అరచేయి చెబుతుంది. జాలీ పైన అంత ఎత్తులోనే చేయి పెట్టి లెక్కపెట్టండి. రెండు మూడు అంకెలకే చేయి లాగేసుకుంటే పెద్ద వేడి. నాలుగైదు దాకా ఓర్చుకోగలిగితే మధ్యస్థం. ఏడెనిమిది అంటే చిన్న వేడి. ఈ మూడూ గుర్తు పెట్టుకోండి, మిగతా వంటంతా వీటి మీదే నడుస్తుంది.

మధ్యాహ్నమే చేసి పెట్టుకునేవి

ముందుగా ఊరిబిండి, అంటే చెనక్కాయ పచ్చడి. చెనక్కాయ విత్తనాలు దోరగా వేయించి పొట్టు తీసి, ఆరు ఎండు మిరపకాయలు, ఆరు తెల్లగడ్డ రెబ్బలు, నిమ్మకాయంత చింతపండు, అర చెంచా ఉప్పుతో రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీలో వేస్తే ఒక్కసారి తిప్పి ఆపేయాలి, మెత్తగా అయితే రుచి పోతుంది. సగం పక్కన పచ్చడిగా పెట్టుకోండి. మిగతా సగం కాస్త నీళ్లతో జారుగా చేసుకోండి, అది పనీర్ మీద పూయడానికి.

పెరుగును పలచటి గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లోనే రెండు గంటలు వేలాడదీయండి. గట్టిపడ్డ పెరుగులో అల్లం, తెల్లగడ్డ ముద్ద రెండు చెంచాలు, పసుపు పావు చెంచా, ధనియాల పొడి, కొద్దిగా కారం, ఒక నిమ్మకాయ రసం, రెండు చెంచాల చెనక్కాయ నూనె కలపండి. ఉప్పు ఇప్పుడు వేయవద్దు, ముక్కల్లోంచి నీళ్లు ఊరి మసాలా జారిపోతుంది. పనీర్‌ను అంగుళంన్నర ముక్కలుగా కోసి ఇందులో ముంచి ఫ్రిజ్‌లో పెట్టండి. గంట చాలు.

అలసందలు పొద్దున్నే నానబెట్టి, మధ్యాహ్నం కుక్కర్లో రెండు విజిల్స్ రానిచ్చి నీళ్లు పూర్తిగా వంచేయండి. చేత్తో నలిపితే నలగాలి కానీ ముద్ద కాకూడదు. అందులో సన్నగా తరిగిన ఎర్రగడ్డ, పచ్చి మిరపకాయలు, కొత్తిమీర, పుదీనా, జీలకర్ర, నాలుగు చెంచాల పుట్నాల పొడి, చిటికెడు ఉప్పు కలిపి, అరచేతిలో పట్టేంత చప్పటి బిళ్లలుగా చేయండి. వీటిని కూడా ఫ్రిజ్‌లో అరగంట పెట్టాలి, లేకపోతే జాలీ మీద విడిపోతాయి.

ఉర్లగడ్డలు ముందే ఉడకబెట్టండి. పచ్చివి నిప్పు మీద ఉడికేలోపు బయట మాడతాయి. ఉడికినవైతే అయిదు నిమిషాలు రంగు వచ్చేదాకా కాల్చి తీసేస్తే చాలు. పచ్చి ఉర్లగడ్డలను ఫ్రిజ్‌లో నిల్వ ఉంచకండి, చలికి వాటిలో చక్కెర పెరుగుతుంది, కాల్చినప్పుడు ఆక్రిలమైడ్ ఎక్కువవుతుంది.

ఎండాకాలంలో పాల పదార్థాల విషయం ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. బయట వేడి 32 డిగ్రీలు దాటితే పనీర్, పెరుగు గంటకు మించి బయట ఉండకూడదు. మన దగ్గర రాత్రి ఏడింటికి కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కాబట్టి అన్నీ ఒకేసారి పైకి తేవద్దు. ఐసు వేసిన డబ్బాలో పెట్టి, ఒక్కో విడతకు కావాల్సినంతే తీయండి.

నిప్పు వయసును బట్టి వంట

నేను ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే. అన్ని రకాలూ కలిపి ఒకే చువ్వకు గుచ్చేవాడిని. టమోటా కారిపోయేది, క్యాప్సికం పచ్చిగా ఉండేది, పనీర్ రబ్బరయ్యేది. ఇప్పుడు ఒక చువ్వకు ఒకటే రకం. ఏది ఎప్పుడు ఎక్కాలో నిప్పును చూసి నిర్ణయిస్తాను. నిప్పు కొత్తగా ఉన్నప్పుడు గట్టి తోలు ఉన్నవి, నడి వయసులో ముక్కలు, ముసలి నిప్పు మీద బిళ్లలూ రొట్టెలూ.

జాలీ వేడెక్కాక దానికి నూనె రాయాలి. దోసె పెనానికి చేసినట్టే, ఎర్రగడ్డను సగానికి కోసి ఫోర్కుకు గుచ్చి, నూనెలో ఒక్కసారి అద్ది రుద్దండి. ఇలా చేస్తే మొత్తం విందుకు నాలుగైదు చెంచాల నూనెకు మించదు, ఒక్క చుక్క కూడా నిప్పుల మీద పడదు.

*కొత్త నిప్పు.* ముందు వంకాయలు. గాటు పెట్టి లోపల పురుగు లేదని చూసుకుని, నాలుగైదు చోట్ల పొడవండి, లేకపోతే లోపలి ఆవిరికి పేలతాయి. ఎక్కువ వేడి చోట పెట్టి అయిదు నిమిషాలకు ఒకసారి తిప్పుతూ ఇరవై అయిదు నిమిషాలు కాల్చాలి. తోలు నల్లబడి ముడతలు పడుతుంది. గాటులోంచి రసం బుడగలుగా వచ్చి చుయ్యిమంటుంది. తొడిమ దగ్గర కత్తి మొన పెడితే అడ్డం లేకుండా దిగాలి. మధ్యలో మెత్తబడి తొడిమ దగ్గర గట్టిగా ఉంటే ఇంకా కాలేదని అర్థం. కాయ తన బరువుకు తానే కూలబడినట్టు అయ్యాక తీసి గిన్నెలో వేసి పది నిమిషాలు మూత పెట్టండి. ఆవిరికి తోలు వదులవుతుంది. వేళ్లు నీళ్లలో ముంచుకుంటూ తోలు లాగేయండి. కాయను మాత్రం నీళ్లతో కడగవద్దు, కాలిన వాసన అంతా పోతుంది. మాడింది తోలే, దాన్ని పారేస్తున్నాం కాబట్టి వంకాయంత నిశ్చింతగా కాల్చుకునే కూరగాయ ఇంకొకటి లేదు.

వంకాయల పక్కనే మొక్కజొన్న. పీచు లాగేసి, పొట్టు మళ్లీ మూసి, పావుగంట నీళ్లలో ముంచి జాలీ మీద పెట్టండి. పొట్టులోనే ఇరవై నిమిషాలు ఉడికి, చివర్లో పొట్టు తీసి రెండు నిమిషాలు రంగు తెచ్చుకుంటే వెన్న అవసరం పడదు. నిమ్మచెక్కను కారంలో అద్ది రుద్దితే చాలు. టమోటాలు, బజ్జి మిరపకాయలు కూడా ఇప్పుడే. టమోటా తోలు చిట్లగానే తీసేయండి.

ఒలిచిన వంకాయ, టమోటా, నాలుగు కాల్చిన మిరపకాయలు, పచ్చి ఎర్రగడ్డ ముక్కలు, కొంచెం చింతపండు కలిపి పప్పుగుత్తితో ఎనపండి. ఒక చెంచా చెనక్కాయ నూనె పచ్చిదే మీద వేయండి. గానుగ నూనె ఉంటే ఇక్కడ వాడండి. గానుగ నూనె తక్కువ వేడికే పొగలు కక్కుతుంది కాబట్టి దాన్ని జాలీకి రాయకుండా ఇలా పచ్చిగా తింటేనే మంచిది.

*నడి నిప్పు.* అరచేయి నాలుగైదు అంకెలు ఓర్చుకునే వేడి. ఎర్రగడ్డలను అర అంగుళం చక్రాలుగా కోసి, పక్క నుంచి చువ్వ గుచ్చితే విడిపోవు. వైపుకు ఆరు నిమిషాలు. క్యాప్సికం పెద్ద ముక్కలు పది నిమిషాలు. ఉడికిన ఉర్లగడ్డలు అయిదు నిమిషాలు.

పనీర్‌ను చువ్వకు ఎక్కించే ముందు మీది మసాలా కాస్త దులపండి, దట్టంగా ఉంటే కారుతుంది. వైపుకు రెండు నిమిషాలు, మొత్తం ఎనిమిది నిమిషాలు మించకూడదు. చివరి రెండు నిమిషాల్లో మాత్రమే జారుగా చేసుకున్న ఊరిబిండిని పూయండి. ముందే పూస్తే చెనక్కాయ మాడి చేదొస్తుంది. నిప్పు మీద ఆ చెనక్కాయ, తెల్లగడ్డ వాసన లేచినప్పుడు కింద టీవీ చూస్తున్నవాళ్లు కూడా మెట్లెక్కి వస్తారు.

ఈ మధ్యలో ఎక్కడైనా మంట లేస్తే నీళ్లు చల్లవద్దు, బూడిద ఎగిరి తిండి మీద పడుతుంది. చువ్వలను తక్కువ వేడి పక్కకు జరిపి, బాండ్లి మీద ఒక పళ్లెం అర నిమిషం బోర్లిస్తే ఆరిపోతుంది.

*ముసలి నిప్పు.* అలసంద బిళ్లలకు ఈ వేడే కావాలి. జాలీకి మళ్లీ ఎర్రగడ్డతో నూనె రుద్ది, బిళ్లలు పెట్టి, అయిదు నిమిషాలదాకా కదపకండి. కింద పొరలా గట్టిపడ్డాక దానంతట అదే జాలీని వదులుతుంది. బలవంతంగా లేపితే విరుగుతుంది. రెండో వైపు నాలుగు నిమిషాలు. పిల్లలు వీటిని జొన్నరొట్టెలో చుట్టుకుని తింటారు. రొట్టెలు కూడా ఇక్కడే, వైపుకు పది సెకన్లు కాస్తే తాజాగా చేసినట్టు మెత్తబడతాయి.

చివర్లో, చక్కెర కలపని తీపి కావాలంటే బంగినపల్లి మామిడి. పండి కూడా గట్టిగా ఉన్నదాన్ని చెక్కలుగా కోసి, కోసిన వైపు ఒక్క నిమిషం జాలీ మీద ఉంచితే చాలు. మా అమ్మకు ఒక చిన్న చెక్క మాత్రం ఇస్తాం. అది కూడా అలసందలు, కూరగాయలు తిన్న తరువాతే.

పక్కన ఉండాల్సినవి

నిప్పు దగ్గర నిలబడేవాళ్లకు చెమట బాగా పడుతుంది. కుండలో పలచటి మజ్జిగ, అల్లం, కరివేపాకు వేసి ముందే పైకి తెచ్చి పెట్టండి. కూల్‌డ్రింక్ సీసాలు కనబడకపోతే పిల్లలు మజ్జిగే తాగుతారు. పెసరపప్పు గంట నానబెట్టి, కీరా, పచ్చి మామిడి తురుము, నిమ్మరసం కలిపిన వడపప్పు ఒక పెద్ద గిన్నెడు ఉండాలి. చల్లగా, పుల్లగా ఉండి, కాలినవాటికి మంచి జోడు. పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు పనీర్, అలసందలు, పావు వంతు రొట్టె ఉండేలా వడ్డిస్తే సుగర్ ఉన్నవాళ్లకు కూడా తేలిగ్గా ఉంటుంది.

నిప్పు ఆర్పడం

బొగ్గు కాలుతున్నంతసేపూ కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అందుకే వాన చినుకులు పడ్డాయని బాండ్లిని గదిలోకి, మూసిన వరండాలోకి ఎప్పుడూ తేకూడదు. ఆరినట్టు కనబడే నిప్పు కూడా ప్రాణం తీయగలదు. గాలి బలంగా ఉన్న రోజు ఈ వంట పెట్టుకోకండి, నిప్పురవ్వలు పక్కింటి ఎండు కొట్టంలో పడితే ఊరంతా పరుగెత్తాల్సి వస్తుంది. పక్కన ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక మొదటి నుంచీ ఉండాలి.

తినడం అయ్యాక నిప్పుల మీద నీళ్లు ఒక్కసారిగా కుమ్మరిస్తే ఆవిరి ముఖానికి కొడుతుంది. ముందు ఇసుక కప్పి, పిల్లలు అటు వెళ్లకుండా ఇటుకలు అడ్డం పెట్టండి. రాత్రి మిద్దె మీదే పడుకునేటట్టయితే పక్కలు గాలి వచ్చే వైపు, బాండ్లికి దూరంగా వేసుకోండి. బూడిద కింద నిప్పు తెల్లారేదాకా బతికే ఉంటుంది. పొద్దున నీళ్లు చిలకరించి, చుయ్యిమన్న చప్పుడు రాకపోతేనే బూడిద ఎత్తండి.